రీల్‌కి లక్షల వ్యూస్, ధర్నాకి ఇరవై మంది: తేడా ఎక్కడ కొడుతోంది?

పాలమూరు_పోరడు:
అందరికీ నమస్తే. మహబూబ్‌నగర్ దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ నేను. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కథ మీ అందరికీ తెలిసిందే. గవర్నమెంటు కాలేజీకి ఇవ్వదు, కాలేజీ మా సర్టిఫికెట్లు ఇవ్వదు, నడుమ నలిగేది మేము. పోయినేడు పాసైన సీనియర్లు కొందరు పీజీలో సీటు పోతుందని వడ్డీకి తెచ్చి మరీ ఫీజు కట్టి టీసీ తీసుకున్నారు. దీని మీద మేం నలుగురం కలిసి ఇన్‌స్టాలో ఒక పేజీ పెట్టాం. మావాడొకడు ప్రిన్సిపల్ లెక్క, క్లర్క్ లెక్క డబుల్ యాక్షన్ చేసిన రీల్ ఒకటి మస్తు పేలింది, 3 లక్షల వ్యూస్ దాటింది. కామెంట్ల నిండా "మా కాలేజీలో కూడా ఇదే కథ అన్నా" అని. ఆ ఊపులో కలెక్టరేట్ ముందు ధర్నా అని పోస్టర్ వేశాం. స్టోరీలో పోల్ పెడితే వందల మంది "వస్తాం" అని నొక్కారు. తీరా ఆ రోజు వచ్చింది ఇరవై మంది. అందులో మేమే నలుగురం. కానిస్టేబుల్ ఒకాయన "ఇంతేనా తమ్మీ, ఇంకా ఎవరన్నా వస్తున్నారా" అని అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మళ్లీ చేద్దామనుకుంటున్నాం. ఇట్లాంటి పని చేసినోళ్లు ఇక్కడ ఎవరన్నా ఉంటే చెప్పండి, తేడా ఎక్కడ కొడుతోంది?

సింపుల్_గా_చెప్తా:
పోల్ నొక్కడానికి బొటనవేలు చాలు. ధర్నాకి రావాలంటే బస్సు ఛార్జీ, క్లాసు ఎగ్గొట్టే ధైర్యం, ఇంట్లో చెప్పడానికి ఒక అబద్ధం కావాలి. అంతే తేడా.

కళింగ_కెరటం:
తమ్ముడూ ఫీలవకు, నీకు ఇరవై మందైనా వచ్చారు. మాకు బీచ్‌కి చేరే ఛాన్సే రాలేదు.

2017 జనవరి గుర్తుందా ఎవరికైనా? చెన్నై మెరీనాలో జల్లికట్టు కోసం కుర్రాళ్లు వారం పాటు కూర్చున్నారు. లీడర్ లేడు, పార్టీ జెండా లేదు, రాత్రి లైట్లు తీసేస్తే వేల మంది సెల్‌ఫోన్ టార్చీలు పైకెత్తారు. ఆ ఫోటో చూసి మన విశాఖ గ్రూపులన్నీ ఊగిపోయాయి. వాళ్లు ఎద్దు కోసం అంత చేస్తే మనం ప్రత్యేక హోదా కోసం చేయలేమా అని ఒకటే ఫార్వర్డులు. జనవరి 26న ఆర్కే బీచ్‌లో మౌన దీక్ష అన్నారు. ఎవరు పిలిచారో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను, ఒక్కో గ్రూపులో ఒక్కో పోస్టర్, ఒకదాంట్లో టైము ఉదయం, ఇంకోదాంట్లో సాయంత్రం. పవన్ కల్యాణ్ ట్వీట్లతో ఊపు పెరిగింది, జగన్ వస్తానన్నారు. ఇంకేముంది, మాకు తెలియకముందే పోలీసులకి మొత్తం తెలిసింది. 144 సెక్షన్, బీచ్ రోడ్డంతా బారికేడ్లు, మర్నాటి నుంచి పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల భాగస్వామ్య సదస్సు ఉంది కాబట్టి ఇంకా టెన్షన్. జగన్‌ని ఎయిర్‌పోర్టు దాటనివ్వలేదు. మాలాంటి వాళ్లని నల్ల చొక్కా కనపడితే చాలు వ్యాన్ ఎక్కించారు. ఆ రాత్రి టీవీలో మా సంగతి లేదు, ఎయిర్‌పోర్టులో జరిగిందే ఉంది.

ఇప్పటికీ నేననేది ఒకటే. మెరీనాలో మొదట కూర్చున్నవాళ్లు పోస్టర్ చూసి ఆవేశంతో వచ్చిన గుంపు అనుకుంటే పొరపాటు. అప్పుడే జల్లికట్టు ఊరు అలంగనల్లూరులో నిరసన చేస్తున్నవాళ్లని అరెస్టు చేశారు, దాని మీద కోపంతో వచ్చారు, వచ్చినవాళ్లు లేవలేదు. మనం తేదీ ముందే ప్రకటించి, రిపబ్లిక్ డే నాడు పెట్టి, అడ్డుకోవడానికి పోలీసులకి కావలసినంత టైమిచ్చాం.

పాతకాపు:
బాబూ, మీరంతా 2017 నుంచి మొదలుపెడుతున్నారు. నేను 2011లో టీచర్‌ని, తెలంగాణ కోసం 42 రోజులు జరిగిన సకల జనుల సమ్మెలో జీతం లేకుండా ఉన్నవాణ్ని. అప్పుడు మా చేతుల్లో ఉన్నవి బటన్ ఫోన్లు. పైగా సరిగ్గా సమ్మె మధ్యలో, సెప్టెంబర్ 27 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లు సిమ్‌కి రోజుకి వంద ఎస్సెమ్మెస్‌లే అని పరిమితి పెట్టారు. అది స్పామ్ ఆపడానికి పెట్టిన రూలే, మా కోసం కాదు, కానీ మండలం మొత్తానికి కబురు పంపేవాడికి వంద మెసేజులు పొద్దున టీ తాగేలోపు అయిపోయేవి. ఏం చేశాం? పది మందికి పంపితే ఆ పది మంది తలా పది మందికి పంపాలి. పంపినవాడు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి "నీ వాళ్లు ఎంతమంది" అని అడగాలి. జేఏసీ, అంటే ఐక్య కార్యాచరణ కమిటీ, అంటే అదేనయ్యా. ఊరికో జేఏసీ, కులానికో జేఏసీ, ఆఫీసుకో జేఏసీ, లాయర్లది ఒకటి, డాక్టర్లది ఒకటి. రాకపోతే రేపు మొహం చూడాల్సిన మనిషి అడుగుతాడు. ఇన్‌స్టాలో "వస్తాం" అన్నవాడిని రేపు ఎవరడుగుతారు?

మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు కూడా అంతే, హైదరాబాద్ దారులన్నీ మూసేశారు, రైళ్లు దిగనివ్వలేదు. అయినా ట్యాంక్‌బండ్ మీదికి జనం ఎక్కడెక్కడినుంచో వచ్చారు. కొందరు పెళ్లి బట్టల్లో, పెళ్లికి పోతున్నామని చెప్పి వచ్చారని అప్పట్లో చెప్పుకునేవాళ్లం. ఆ ప్లాను ఎక్కడా రాసి లేదు, ఫార్వర్డు చేసింది లేదు, అందుకే దొరకలేదు.

సింపుల్_గా_చెప్తా:
మళ్లీ మొదలైంది, "మా కాలంలో అయితేనా..." బాబాయ్, అప్పుడు మీ వెనకాల పార్టీలున్నాయి, యూనివర్సిటీలున్నాయి, ధూంధాం పాటలున్నాయి, పదేళ్ల పునాది ఉంది. ఈ అబ్బాయికి ఏముంది, ఒక ఫోనూ ముగ్గురు ఫ్రెండ్సూ.

పాతకాపు:
ఆ పునాదేదో ఆకాశం నుంచి ఊడిపడిందా? అదీ నలుగురితోనే మొదలైంది.

గచ్చిబౌలి_గువ్వ:
హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో (హెచ్‌సీయూ) చదివాను, 2025లో కంచ గచ్చిబౌలి గొడవ జరిగినప్పుడు క్యాంపస్‌లోనే ఉన్నాను. సోషల్ మీడియా నిజంగా పని చేసిన కేసు అంటే నాకు అదే గుర్తొస్తుంది, కానీ ఎలా పని చేసిందో బయట చాలామందికి తప్పుగా అర్థమైంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న ఆ 400 ఎకరాల తగాదా కొత్తది కాదు. 2003లో ఐఎంజీ భారత అనే కంపెనీకి ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా తేలింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ టీజీఐఐసీ అక్కడ ఐటీ పార్కులకి వేలం వేద్దామనుకుంది. అప్పటికే క్యాంపస్‌లో పోస్టర్లు, మీటింగులు, ర్యాలీలు జరుగుతున్నాయి, బయట ఒక్కరూ పట్టించుకోలేదు. మార్చి 30, ఉగాది, ఆదివారం. మర్నాడు రంజాన్. కోర్టులకి సెలవులు. ఆ రోజు జేసీబీలు దిగాయి. అడ్డుపడ్డవాళ్లని జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లి వ్యాన్‌లో పడేశారు. ఆ వీడియోలు, ఆ తర్వాత రాత్రిపూట ఫ్లడ్‌లైట్ల మధ్య చెట్లు కూలుతుంటే చీకట్లోంచి నెమళ్లు అరిచే వీడియోలు, అవి జనాన్ని కదిలించాయి. మేం రాసిన పేజీల పేజీల ప్రెస్‌నోట్లు ఎవరూ చదవలేదు, ఆ అరుపు అందరూ విన్నారు. సినిమావాళ్లు, ఐటీవాళ్లు, ఇంట్లో కూర్చునే మా అమ్మమ్మ కూడా.

కానీ ఆపింది వీడియో కాదు. వట ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, విద్యార్థులు హైకోర్టుకి వెళ్లారు, ఏప్రిల్ 2న హైకోర్టు ఒక్కరోజు ఆపమంది, 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని చెట్లు నరకడం ఆపేయమంది. జస్టిస్ గవాయ్ బెంచ్. హైకోర్టు రిజిస్ట్రార్‌ని స్పాట్‌కి పంపి రిపోర్టు తెప్పించుకుంది. ఇన్‌స్టా కేసుని పేపర్లకెక్కించింది, పేపర్లు కోర్టు దాకా తీసుకెళ్లాయి, అంతే. రోజూ గేటు దగ్గర కూర్చున్నవాళ్లు లేకపోతే తీయడానికి వీడియో కూడా ఉండేది కాదు కదా.

డేటా_దొర:
గువ్వ గారూ, ఏఐ బొమ్మల సంగతి వదిలేశారేం?

గచ్చిబౌలి_గువ్వ:
వస్తున్నా, వస్తున్నా. మా పరువు తీసింది అదే. మంచి మనసుతోనే ఎవరెవరో ఏఐతో గిబ్లీ స్టైల్‌లో (జపాన్ కార్టూన్ సినిమాల్లా) బొమ్మలు చేశారు, అక్కడి మష్రూమ్ రాక్ అనే బండ ముందు బుల్డోజర్లు, పారిపోతున్న జింకలు, నెమళ్లు. మేం అడగలేదు. అవి అసలు ఫోటోల కంటే పది రెట్లు తిరిగాయి. వెంటనే ప్రభుత్వానికి మాట దొరికింది, ఇదంతా ఏఐ సృష్టి, అక్కడ జంతువులే లేవు, జనాన్ని తప్పుదారి పట్టిస్తున్నారు అని. కేసులు పెట్టారు. అలాంటి బొమ్మ రీపోస్ట్ చేసినందుకు ఐఏఎస్ స్మితా సభర్వాల్‌కి కూడా పోలీసులు నోటీసు ఇచ్చారు. అప్పటి నుంచి మేం తీసిన నిజం వీడియో చూపించినా "ఇది ఒరిజినలేనా" అని అడిగేవాళ్లు. కూలిన చెట్టు పక్కన నిల్చుని తీసుకున్న ఫోటోకి కూడా రుజువు చూపించాల్సి వచ్చింది.

కాబట్టి తమ్ముడూ, నీ పేజీలో ఏఐ బొమ్మ ఒక్కటి కూడా పెట్టకు. వీడియో తీస్తే ఒరిజినల్ ఫైలు కట్ చేయకుండా దాచుకో, తేదీ, టైము ఉండేలా.

డేటా_దొర:
నేను డిజిటల్ మార్కెటింగ్‌లో ఉద్యోగం చేస్తా, రాజకీయ పార్టీలకి కూడా పని చేశా, ఏ పార్టీ అని అడక్కండి, అందరికీ చేశా. కాబట్టి ట్రెండింగ్ అనే మాయ గురించి నాలుగు ముక్కలు.

ట్విట్టర్ ట్రెండింగ్‌లోకి రావడానికి మొత్తం ఎన్ని పోస్టులు అన్నది కాదు లెక్క, తక్కువ టైములో ఎంత హఠాత్తుగా పెరిగింది అన్నది. అందుకే హ్యాష్‌ట్యాగ్ ముందే బయటపెట్టరు. సాయంత్రం ఏడు గంటలకి అని టైము ఫిక్స్ చేసి, గూగుల్ డాక్‌లో రకరకాల ట్వీట్లు రాసి పెట్టి, ట్యాగ్ మాత్రం ఆఖరి నిమిషంలో వాట్సాప్‌లో ఇస్తారు. అందరూ ఒకే వాక్యం కాపీ పేస్ట్ చేస్తే స్పామ్ కింద పడిపోతుంది. అందుకే వంద రకాలుగా రాసి పెడతారు. ఢిల్లీ రైతు ఉద్యమంలో ట్రాక్టర్ టు ట్విట్టర్ అనే హ్యాండిల్ రోజూ ఇలాగే చేసేది, పంజాబ్ కుర్రాళ్లు చాలా పద్ధతిగా నడిపారు. 2020 డిసెంబర్‌లో కిసాన్ ఏక్తా మోర్చా పేరుతో రైతు సంఘాలే సొంత ఐటీ సెల్ పెట్టుకున్నాయి. ఒక రోజు ఆ ఫేస్‌బుక్ పేజీ మాయమైంది, గోల చేస్తే కొన్ని గంటల్లో తిరిగొచ్చింది. అదే నెలలో అక్కడి వాలంటీర్లు ట్రాలీ టైమ్స్ అని కాగితం పేపర్ కూడా మొదలుపెట్టారు చూడండి, నాకు దానిమీదే గౌరవం ఎక్కువ. ఢిల్లీ సరిహద్దు టిక్రీలో ట్రాక్టర్ ట్రాలీలో పడుకున్న ముసలాయన ట్విట్టర్ చూడడు కదా.

ఇక నీ రీల్ సంగతి. 3 లక్షల వ్యూస్‌లో మహబూబ్‌నగర్ జిల్లావాళ్లు ఎంతమందో ఇన్‌సైట్స్‌లో చూశావా? ఒకసారి చూడు. సగం హైదరాబాద్, పావు విజయవాడ, గుంటూరు, మిగతాది బెంగళూరు అయి ఉంటుంది. నవ్వొచ్చే రీల్ ఊళ్లు దాటి పోతుంది, నీ కలెక్టరేట్‌కి వాళ్లెలా వస్తారు?

పాలమూరు_పోరడు:
అన్నా ఇప్పుడే చూశా. హైదరాబాద్ ఫస్ట్, తర్వాత కరీంనగర్, వరంగల్. పాలమూరు నాలుగో స్థానంలో ఉంది 😑

సింపుల్_గా_చెప్తా:
😂😂 కరీంనగర్‌లో పెట్టాల్సింది ధర్నా.

కోనసీమ_కొబ్బరి:
అందరూ జనం రాలేదని బాధపడుతున్నారు. మా ఊళ్లో వచ్చారు. ఎక్కువే వచ్చారు. 2022 మే 24, అమలాపురం. జిల్లాకి అంబేద్కర్ గారి పేరు పెడుతున్నారని కొందరు వద్దని, ర్యాలీ అన్నారు. అంతకు ముందు రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో నడిచిన మాటలు ఇక్కడ రాయలేను, పక్కింటివాళ్ల గురించి ఇలా రాస్తారా అనిపించింది. ఆ సాయంత్రం ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు కాలాయి. తర్వాత పోలీసులు వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు పట్టుకుని ఒక్కొక్కరినీ తీసుకెళ్లారు. కేసు ఎదుర్కొన్నవాళ్లలో ఉద్యోగానికి అప్లై చేసుకుంటున్న కుర్రాళ్లే ఎక్కువ.

ఇక నెట్ కట్ చేశారు. రోజుల తరబడి. అప్పుడు ఇంకా అందరూ వర్క్ ఫ్రమ్ హోమ్ కదా, మా బావ ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని పొద్దున్నే జిల్లా దాటి పోయి సిగ్నల్ దొరికిన చోట చెట్టుకింద కూర్చుని పని చేసేవాడు. ఫోన్‌పే లేదు, గూగుల్ పే లేదు, కొబ్బరి లోడు డబ్బులు ఆగిపోయాయి. ఇల్లు తగలబెట్టింది కొందరైతే శిక్ష ఊరంతటికీ పడింది. గొడవ ఆపడానికి నెట్ ఆపారు సరే, పుకార్లు ఆగాయా? నోటినుంచి నోటికి ఇంకా పెద్దవయ్యాయి, సరిచూసుకోడానికి దారి లేక.

కళింగ_కెరటం:
ఆ మర్నెలే అగ్నిపథ్ కదా, ఆర్మీలో నాలుగేళ్ల ఉద్యోగాల పథకం మీద గొడవ. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్. అదీ వాట్సాప్ గ్రూపులే, స్టేషన్ బ్లాక్ అని గ్రూపుకి పేరే పెట్టుకున్నారు. రైలు పెట్టెలు కాలాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడు ఒకడు పోయాడు. ఆర్మీలో చేరాలని రన్నింగ్ ప్రాక్టీస్ చేసిన పిల్లలు కేసుల్లో ఇరుక్కుని ఇక ఏ గవర్నమెంటు ఉద్యోగానికీ పనికిరాకుండా పోయే పరిస్థితి వచ్చింది. ఆ గ్రూపుల్లో ఆడియోలు పెట్టి రెచ్చగొట్టినవాళ్లు వేరు, పట్టాల మీద దొరికినవాళ్లు వేరు.

లా_పాయింట్:
అడ్వొకేట్‌ని. ఈ థ్రెడ్‌లో రెండు మూడు విషయాలు స్పష్టం చేయాలి, పిల్లలు చదువుతున్నారు కాబట్టి.

గ్రూపులో ఎవడో ఏదో పెడితే అడ్మిన్ బాధ్యుడా అని చాలామంది అడుగుతారు. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో, సభ్యుడు పెట్టిన పోస్టుకి అడ్మిన్‌ని ఊరికే బాధ్యుణ్ని చేయలేరు అన్నాయి. అడ్మిన్ కూడా ఆ పథకంలో ఉంటే వేరే సంగతి. అలాగని ధీమాగా ఉండకు. మన పోలీసులు ముందు నోటీసు ఇస్తారు, తీర్పులు తర్వాత చదువుతారు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసినా ఏళ్ల తర్వాత కూడా దాని కింద కేసులు రాశారు. పుకారు, తప్పుడు సమాచారం అని ఇప్పుడు బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 353 పెడతారు. హాజరు కమ్మని బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు వస్తే భయపడి ఫోన్ ఆఫ్ చేసి పారిపోవద్దు, వకీలుతో వెళ్లి హాజరవ్వాలి.

నెట్ కట్ గురించి: 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, నెట్ ఆపే ఉత్తర్వు ప్రజలకి తెలిసేలా ప్రచురించాలి, నిరవధికంగా ఆపడం కుదరదు అని. ఎన్ని చోట్ల ప్రచురిస్తున్నారో మీరే చూడండి.

ఇక ధర్నాకి అనుమతి. డీఎస్పీ ఆఫీసులో ముందే అప్లికేషన్ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ఎంతమంది, ఎన్నింటినుంచి ఎన్నింటి దాకా, మైకు ఉందా, బాధ్యులు ఎవరు. ఇవ్వకుండా పోస్టర్ వేస్తే ఆ పోస్టరే మీ మీద సాక్ష్యం. హైదరాబాద్‌లో ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌నే 2017లో ఎత్తేస్తే, మళ్లీ తెరిపించడానికి హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. హక్కు ఉంది, కానీ కాగితం చేతిలో పెట్టుకుని అడగాలి.

డల్లాస్_బాబాయ్:
లాయర్ గారూ భయపెడుతున్నారు పిల్లల్ని. 2023లో చంద్రబాబు గారి అరెస్టు అప్పుడు హైదరాబాద్ ఐటీవాళ్లు ఎలా కదిలారు, ఎవరు ఆపగలిగారు? విప్రో సర్కిల్, మెట్రో రైళ్లు, రాజమండ్రి కార్ల ర్యాలీ, "మోత మోగిద్దాం" అని రాత్రి ఏడింటికి ఐదు నిమిషాలు కంచాలు, హారన్లు. ఇక్కడ మేం కూడా అదే టైముకి కంచాలు కొట్టాం, పక్కింటి అమెరికన్ వచ్చి ఏమైంది అని అడిగాడు.

సింపుల్_గా_చెప్తా:
బాబాయ్, అది పార్టీ యంత్రాంగం నడిపిన ప్రోగ్రాం. రాష్ట్రం మొత్తం కార్యకర్తలున్న పార్టీకి, ముగ్గురు ఫ్రెండ్స్‌కి పోలికా? పైగా కార్ల ర్యాలీని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపారు కదా.

డల్లాస్_బాబాయ్:
పార్టీ అయితే ఏం, జనం సొంతంగా వచ్చారు. నీలాంటివాళ్లు ప్రతిదానికీ పెయిడ్ అంటారు.

సింపుల్_గా_చెప్తా:
నేను పెయిడ్ అనలేదు. చదవడం నేర్చుకో ముందు.

నిర్వాహకుడు:
పార్టీల గొడవ ఇక్కడ వద్దు. దానికి వేరే విభాగం ఉంది, అక్కడ తన్నుకోండి. నాలుగు కామెంట్లు తీసేశాను.

తుళ్లూరు_అమ్మాయి:
పెయిడ్ అనే మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. 2019 డిసెంబర్ 17న మా అమరావతి రైతులు టెంటు వేసినప్పటి నుంచి మాకు సోషల్ మీడియాలో పెట్టిన పేరు "పెయిడ్ ఆర్టిస్టులు". మా అమ్మ ఏ మేకప్పూ లేకుండా ఎండలో కూర్చుంటే, చేతికి బంగారు గాజులున్నాయని ఫోటో జూమ్ చేసి తిప్పారు. రాజధానికి భూమి ఇచ్చినవాళ్లకి గాజులు ఉండకూడదట. ఫోన్ ఉద్యమానికి ఎంత పనికొచ్చిందో తెలియదు కానీ మమ్మల్ని తిట్టడానికి మాత్రం బాగా పనికొచ్చింది. అలాగని మేం ఫోన్ వదల్లేదు, టెంట్‌లో రోజూ యూట్యూబ్ లైవ్ పెట్టేవాళ్లం, చూసేది ఎక్కువగా అమెరికాలో ఉన్న మా పిల్లలే. దానివల్ల ఒక లాభం, ఎవరైనా వచ్చి గొడవ చేస్తే రికార్డు ఉంటుంది. 2021 నవంబర్‌లో తుళ్లూరు నుంచి తిరుమలకి నడిచినప్పుడు ఏ ఊళ్లో రాత్రి బస, ఎవరింట్లో భోజనం అన్నదంతా వాట్సాప్‌లోనే నడిచింది. కానీ దారిలో అన్నం పెట్టినవాళ్లు ఆ గ్రూపుల్లో లేరు. రోడ్డు మీద మమ్మల్ని చూసి ఇళ్లలోంచి వచ్చారు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024లో ఓట్లు, అవి మా చేతికొచ్చినవి. ట్రెండింగ్‌లో మేం ఎన్నోసారి ఉన్నామో ఎవరూ లెక్క పెట్టుకోలేదు.

యాత్రల_పిచ్చి:
నేపాల్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? 2025 సెప్టెంబర్ 4న 26 యాప్‌లు ఒక్కసారే బ్యాన్ చేశారు, ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ అన్నీ. అప్పటికే మంత్రుల పిల్లల జల్సా ఫోటోలతో "నెపో కిడ్" అని టిక్‌టాక్‌లో నడుస్తోంది. 8వ తేదీన స్కూలు యూనిఫాం పిల్లలు కూడా రోడ్డెక్కితే ఒక్క రోజులో 19 మంది పోయారు. ఆ రాత్రి బ్యాన్ ఎత్తేశారు, మర్నాడు ప్రధాని ఓలీ దిగిపోయాడు, పార్లమెంటు కాలింది. తర్వాత గేమ్స్ ఆడుకునే డిస్కార్డ్‌లో వేల మంది కూర్చుని తాత్కాలిక ప్రధాని ఎవరు అని ఓట్లు వేసి సుశీలా కార్కీ పేరు తేల్చారు, 12న ఆవిడే ప్రమాణం చేశారు. మా పెద్దమ్మ వాళ్లు అప్పుడు ముక్తినాథ్ యాత్రకి వెళ్లి ఖాట్మండూ హోటల్లో ఇరుక్కుపోయారు. కిటికీలోంచి పొగ కనిపిస్తుంటే వాట్సాప్‌లో మాకు వీడియోలు పెట్టేవాళ్లు. లోకేష్ గారు వీడియో కాల్‌లో మాట్లాడారట కొందరితో, తర్వాత స్పెషల్ ఫ్లైట్‌లో వైజాగ్, తిరుపతి చేర్చారు. పెద్దమ్మ ఇప్పటికీ ఆ పిల్లల్ని తిట్టదు, "పాపం పసివాళ్లు" అంటుంది.

డేటా_దొర:
అక్కడ బ్యాన్ పెట్టకపోయి ఉంటే అంతమంది రోడ్డెక్కేవాళ్లా అన్నదే నా డౌటు. 2011లో ఈజిప్టులో నెట్ కట్ చేసిన రోజే తహ్రీర్ చౌక్‌కి జనం పోటెత్తారు. ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చునేవాణ్ని నువ్వే బయటికి తోశావన్నమాట. అయితే డిస్కార్డ్‌లో ఓటేసినవాళ్లు ఎవరో, అందులో నేపాలీలు ఎంతమందో ఎవరు చూశారు? అది ఎన్నిక అంటే నేనొప్పుకోను.

పాలమూరు_పోరడు:
అన్నలూ, అక్కలూ, అందరికీ థ్యాంక్స్, మొత్తం రెండుసార్లు చదివా. ఇప్పుడు కొత్త సమస్య. రీల్ చూసి మా దగ్గరి లీడర్ ఒకాయన ఫోన్ చేశాడు. టెంటు, మైకు, ఊళ్ల నుంచి బస్సులు, వాటర్ ప్యాకెట్లు అన్నీ ఆయనే చూసుకుంటాడట. పేజీ మాత్రం "కలిసి నడుపుదాం, పాస్‌వర్డ్ మా సోషల్ మీడియా అబ్బాయికి ఇవ్వండి" అంటున్నాడు. మా నలుగురిలో ఇద్దరు ఇచ్చేద్దాం అంటున్నారు. జనం వస్తారు కదా అని.

డేటా_దొర:
ఇవ్వకు. ఈ పని మేమే చేస్తాం కాబట్టి చెప్తున్నా. ఫాలోవర్లున్న పేజీ అంటే ఆస్తి. ధర్నా అయిన నెలకి పేరు మారుతుంది, డీపీలో ఆయన ఫోటో వస్తుంది, మీ రీల్ మాత్రం అలాగే ఉంటుంది. ఎలక్షన్ ముందు ఇలా కొన్న పేజీలు నేనే ఎన్నో చూశా, నిన్నటి దాకా సినిమా మీమ్స్, ఇవాళ "మన అన్న".

పాతకాపు:
మైకు తీసుకో, టెంటు తీసుకో, పాస్‌వర్డ్ ఇవ్వకు. అన్ని పార్టీలవాళ్లనీ పిలువు, ఒక్కరికే రుణపడకు. మా జేఏసీలో అన్ని పార్టీలూ ఉండేవి, పోట్లాడుకునేవి కూడా.

లా_పాయింట్:
బస్సులు మాత్రం వద్దు. రేపు ఏదైనా జరిగితే జనాన్ని తరలించింది ఎవరు అని అడుగుతారు, అప్లికేషన్ మీద మీ సంతకం ఉంటుంది.

డల్లాస్_బాబాయ్:
లాయర్ గారూ, బస్సు లేకుండా పల్లెటూరి పిల్లలు ఎలా వస్తారు, నడిచా? నేను కొంత పంపుతాను, టెంటుకి సరిపోతుంది. పార్టీ పేరు రాయక్కర్లేదు.

సింపుల్_గా_చెప్తా:
బాబాయ్ మంచి మాట అన్నాడు, ఇవాళ తేదీ రాసుకోండి.

కొల్లాపూర్_రోడ్:
నేను ఎక్కువగా చదివి వెళ్లిపోతాను, ఎప్పుడూ రాయలేదు. కానీ ఇది మా కాలేజీ సంగతే అనుకుంటా. ఆ రీల్ చేసింది మీరేనా? మాకు బాగా నచ్చింది, హాస్టల్లో అందరం చూశాం. ధర్నా ఉందని మాత్రం అయిపోయాక తెలిసింది. మీ గ్రూపులో అబ్బాయిలే ఉన్నారు, మా హాస్టల్ గ్రూపు వేరే, క్లాసు గ్రూపులో సార్లు ఉంటారు కాబట్టి అక్కడ ఎవరూ పెట్టరు. ఇంకోటి, ధర్నా సాయంత్రం నాలుగింటికి పెట్టారట. మా వైపు ఊళ్లకి వెళ్లేవాళ్లకి ఆఖరి బస్సు నాలుగున్నరకి. ఫ్రీ టికెట్ కాబట్టి డబ్బుల బాధ లేదు, కానీ ఆ బస్సు పోతే రాత్రికి ఎక్కడుండాలి? పొద్దున పదకొండుకి పెడితే డే స్కాలర్లు కూడా వస్తారు, ఇంట్లో కాలేజీకని చెప్పి బయల్దేరతారు కదా. హాస్టల్లో ఫైనలియర్ వాళ్లం చాలామంది ఉన్నాం, అందరికీ ఇదే ప్రాబ్లం.

పాలమూరు_పోరడు:
అక్కా మీరు ఏ గ్రూపు, బీకామా? సాయంత్రం బస్సు సంగతి మాకు అసలు తట్టలేదు, మేం నలుగురం టౌన్‌లోనే ఉంటాం. మెసేజ్ చేశా, చూడండి.

కొల్లాపూర్_రోడ్:
బీఎస్సీ. చూశాను. ముందు మీ గ్రూపులోకి నన్ను ఒక్కదాన్నే కలపకండి, ఇద్దరు ముగ్గురం కలిసి వస్తాం. నంబర్లు బయటికి కనపడకుండా పెట్టే వీలుంటే చూడండి, మా ఇళ్లల్లో ఊరుకోరు.

డేటా_దొర:
వాట్సాప్‌లో గ్రూప్ బదులు కమ్యూనిటీ పెట్టండి, అనౌన్స్‌మెంట్ గ్రూపులో మామూలు సభ్యులకి ఒకరి నంబర్ ఒకరికి కనపడదు, అడ్మిన్లకి మాత్రమే కనపడుతుంది. అడ్మిన్లలో ఒక అమ్మాయి ఉండాలి.

పాతకాపు:
అలాగే ఏ ఊరి బస్సు ఎన్నింటికో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఊరికి ఒక్కరి పేరు రాసుకోండి. జడ్చర్ల వైపు మా పాత టీచర్లు ఒకరిద్దరు ఉన్నారు, నంబరు ఇక్కడ పెట్టను, మెసేజ్‌లో పంపుతా.